బంగారు లేడి తోలు

మాది గోదావరికి ఇవతలి ఒడ్డు. బూర్గంపహాడు దాటి అశ్వాపురం, మణుగూరు వైపు పోయే దారిలో అడవి అంచున ఉంటది మా ఊరు. ఊరి పేరు రాయను. ఎందుకు రాయనో చివర్లో చెప్తాను. ఊరు అయిపోయినాక వాగు. వాగు దాటినాక మా మాదిగ గూడెం. గూడెం దాటినాక ఇప్పచెట్లు, తునికిచెట్లు, ఆ పైన కోయగూడేలు. ఊరికి ఎంత దూరమో అడవికి అంత దగ్గర మేము.

మా ప్రాంతం చిరునామా చాలాసార్లు మారింది. ఏటి అవతలి భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. ఆ తర్వాత ఖమ్మం జిల్లా అయింది. 2014లో పోలవరం కోసమని ఇటు మండలాలను ఆంధ్రలో కలిపినప్పుడు భద్రాచలం పట్నం ఇటు మిగిలింది, దాన్ని ఆనుకుని ఉన్న ఊళ్ళు అటు పోయినయ్. 2016 నుంచి మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. జిల్లాలు మారినయ్, రాష్ట్రం మారింది. మా గూడెం మాత్రం వాగుకు ఆవలే ఉంది. కొత్త మనిషి ఎవరు కలిసినా "ఏ ఊరు?" అని అడిగి ఊరుకోడు. "ఊళ్ళో ఏ బజారు?" అంటాడు. ఆ రెండో ప్రశ్న ఎందుకు అడుగుతారో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

ఈ మధ్య ఏడాది కాలంలో నేనూ మా అమ్మాయీ కలిసి మూడు చోట్లు చూసొచ్చాం. దానికి కారణం ఒక జపాను బొమ్మల సినిమా. ఆ సంగతి చెప్పాలంటే ముందు మా అయ్య సంగతి చెప్పాలి.

మా అయ్య చెప్పులు కుట్టేటోడు. మోటబావులున్న రోజుల్లో మోటబొక్కెనలు, తొండాలు కుట్టేటోడు. ఊళ్ళో గొడ్డు చస్తే కబురు మా ఇంటికే వచ్చేది. వాగు ఒడ్డున మా లంద. తోలును ముందు సున్నం నీళ్ళలో నానేసేవాళ్ళు. నాలుగు రోజులకో వారానికో వెంట్రుకలు పట్టు వదిలేవి. అప్పుడు బండ మీద పరిచి రంపెతో గీకాలి. తంగేడు చెక్క దంచి, ఆ నీళ్ళలో మళ్ళీ నానబెట్టాలి. ఎన్నాళ్ళు నానాలో, ఎప్పుడు తిప్పాలో, ఎప్పుడు తీయాలో మా అయ్యకు చేత్తో పట్టుకుంటే తెలిసేది. బళ్ళో నేను నేర్చుకున్న రసాయనశాస్త్రం కంటే ముందు మా లందలో ఆ శాస్త్రం ఉంది. కానీ దాన్ని శాస్త్రం అన్నవాడు లేడు. కంపు అన్నారు. ఆ కంపు నా చొక్కాకు, నా పలకకు అంటుకునే ఉండేది. బళ్ళో నా పక్కన ఎవ్వరూ కూచునేటోళ్ళు కాదు.

శ్రీరామనవమికి ఊళ్ళో రామాలయం ముందు చలువపందిరి వేసేవాళ్ళు. పందిరికి గుంజలు పాతింది మావాళ్ళు. తాటాకు మోసింది మావాళ్ళు. డప్పు మా అయ్యది. డప్పును నిప్పుల సెగకు కాచి, చిర్ర, చిటికెన పుల్ల తీసుకుని పొద్దుటి నుంచి కొట్టేటోడు. ఆ డప్పు మోగితేనే ఊరికి పండగ. పెళ్ళయినాక అందరికీ గ్లాసుల్లో పానకం పోసేవాళ్ళు. మాకు దూరంగా నిలబెట్టి, దోసిలి పట్టమని, పైనుంచి పోసేవాళ్ళు. సగం మోచేతుల మీదుగా కారిపోయేది. తీపి కదా, మోచేతులు కూడా నాకేవాళ్ళం.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. డప్పు మోగుతుండగా, జనం కాళ్ళ సందుల్లోంచి దూరి, రాముడు ఎట్లుంటాడో చూద్దామని గుడి మెట్టు మీద కాలు పెట్టాను. ఒకటే మెట్టు. ఎవరో చూసి కేకేశారు. నన్ను కొట్టలేదు. మా అయ్యను పిలిచారు. డప్పు మెడలో ఉండగానే చెప్పుతో కొట్టారు. ఆ చెప్పులు మా అయ్య కుట్టినవే. సంక్రాంతికి కుట్టిచ్చినవి. ఆ కుట్టు నేను గుర్తుపట్టాను. దెబ్బలయినాక మళ్ళీ డప్పు కొట్టమన్నారు. కొట్టాడు.

ఆ ఎండాకాలమే పక్క ఊరికి టూరింగ్ టాకీసు వచ్చింది. బాపు తీసిన 'సంపూర్ణ రామాయణం' ఆడుతోంది. మా అయ్య నా చెయ్యి పట్టుకుని "గుళ్ళె రాముణ్ణి సూపియ్యలేకపోయిన. సినిమాల సూపిస్త, దా బిడ్డా" అన్నాడు. నేల టిక్కెట్టు. ఇసకలో కూర్చున్నాం. దీపాలు ఆర్పినాక ఎవరి పక్కన ఎవరున్నారో తెలియదు. ఎవడి మోకాలు ఎవడికి తగిలిందో తెలియదు. ఆ చీకట్లో నేను రాముడి పర్ణశాల లోపలి దాకా పోయాను. సీత పక్కన కూర్చున్నాను. ఎవ్వరూ కేకేయలేదు.

బంగారు లేడి వచ్చినప్పుడు అందరూ నోళ్ళు తెరిచారు. మా అయ్య మాత్రం నా చెవిలో మెల్లగా అన్నాడు: "రాముడు దాన్ని కొట్టినా, తోలు తీసేటందుకు ఎవడన్న మనోడు ఉండాలె గదరా. ఆడు ఏడున్నడో!"

నేను నవ్వాను. మా అయ్య నవ్వలేదు. పనిమంతుడు పని సంగతి అడిగాడు, అంతే. చాలా ఏళ్ళ తర్వాత వాల్మీకి రామాయణం అనువాదం చదువుతుంటే అరణ్యకాండలో ఆ ఘట్టం దగ్గర ఆగిపోయాను. లేడి ప్రాణంతో చిక్కకపోతే, దాని చర్మాన్ని పరుచుకుని కూర్చోవాలని ఉందని సీత అడుగుతుంది. కృష్ణాజినం మీద కూర్చున్న మునులు ఆ పుస్తకం నిండా ఉన్నారు. తోలు మీద కూర్చున్నవాడు పవిత్రుడయ్యాడు. ఆ తోలును సున్నంలో నానేసి, గీకి, మెత్తన చేసి ఇచ్చినవాడి ఊసు నాకు ఎక్కడా దొరకలేదు. మా అయ్య అక్షరం ముక్క రానోడు. నేల టిక్కెట్టు మీద కూర్చుని అడిగిన ప్రశ్నకు నేను ఎమ్మే చదివి కూడా జవాబు చెప్పలేకపోయాను.

1985 జులై 17న కారంచేడు జరిగినప్పుడు నేను ఖమ్మంలో సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. దళిత మహాసభ కరపత్రాలు హాస్టల్ గదుల్లోకి వచ్చాయి. అంబేడ్కర్ పేరు అప్పటిదాకా నాకు రాజ్యాంగం పాఠంలో ఒక ఫొటో, అంతే. అప్పుడు చదివాను. 1991 ఆగస్టు 6న చుండూరు జరిగేనాటికి నేను బడిపంతులు ఉద్యోగంలో ఉన్నాను. ఇక ఏ రాముడి గుడి మెట్టూ ఎక్కనని ఒట్టు పెట్టుకున్నాను. భద్రాచలం బ్రిడ్జి ఎన్నోసార్లు దాటాను, గుట్ట మీదికి పోలేదు. పర్ణశాల ఏటికి అవతలే, మా వైపు వాళ్ళు బండ్లు కట్టుకుని పోయేవాళ్ళు. నేను పోలేదు. మా అయ్య 2004లో పోయాడు. ఆయన కూడా చూడలేదు.

మా అమ్మాయి హైదరాబాదులో చదివింది. దానికి జపాను బొమ్మల సినిమాల పిచ్చి. అనిమే అంటారు. ఫోన్లో, లాప్‌టాప్‌లో రాత్రుళ్ళు అవే చూసేది. నేను కసిరితే ఒకరోజు దగ్గర కూర్చోబెట్టుకుని చూపించింది. ఆ సినిమాల్లో బొమ్మలుగా గీసిన చోట్లు చాలావరకు నిజంగా ఉన్న చోట్లట. 2016లో వచ్చిన 'యువర్ నేమ్' అనే సినిమాలో ఒక మెట్లదారి ఉంది. అది టోక్యోలో సుగా గుడి దగ్గరి మెట్లదారి. 'స్లామ్ డంక్' అనే బాస్కెట్‌బాల్ కథలో సముద్రం పక్కన రైలు గేటు ఉంది. అది కమకురా దగ్గర ఒక చిన్న స్టేషన్ పక్కన ఉంది. దేశదేశాల పిల్లలు ఆ మెట్ల దగ్గరికి, ఆ గేటు దగ్గరికి పోయి, సినిమాలో బొమ్మను ఫోన్లో ఒక పక్క పెట్టుకుని, అదే కోణంలో నిలబడి ఫొటో తీసుకుంటారు. బొమ్మలో మనిషి ఎట్లా నిలబడితే వీళ్ళూ అట్లాగే నిలబడతారు. దాన్ని జపాను భాషలో 'సెయిచి జున్రెయి' అంటారని చెప్పింది. సెయిచి అంటే పుణ్యభూమి, జున్రెయి అంటే యాత్ర.

"రైలు గేటు పుణ్యభూమి ఏందే?" అన్నాను.

"వాళ్ళకు ఇష్టమైన కథ అక్కడ జరిగింది నాన్నా. అందుకే పుణ్యభూమి. టిక్కెట్టు లేదు, పూజారి లేడు. నువ్వెవరని అడిగేటోడు లేడు."

ఆ చివరి మాట నన్ను పట్టుకుంది. మనవాళ్ళూ సినిమా చోట్లు చూడటానికి పోతారు. 'అందాల రాముడు' వచ్చిన నాటినుంచి, 2006లో 'గోదావరి' వచ్చినాక ఇంకా ఎక్కువగా, పాపికొండల లాంచీ ఎక్కుతూనే ఉన్నారు. కానీ దాన్ని విహారం అంటాం. పుణ్యం అనే మాట గుడికే వదిలేశాం. ఆ పిల్లలు ఆ మాటను రైలు గేటు దాకా తెచ్చారు.

2025 జనవరి 24న ఒక పాత అనిమే మన థియేటర్లలోకి వచ్చింది, తెలుగు మాటలతో సహా. పేరు 'రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ'. యుగో సాకో అనే జపాను దర్శకుడు 1983లో అలహాబాదు దగ్గర పురావస్తు తవ్వకాల మీద డాక్యుమెంటరీ తీయడానికి ఇక్కడికి వచ్చి, రామాయణం మీద మనసు పడి, మన రామ్ మోహన్‌తోనూ, కోయిచి ససాకితోనూ కలిసి చేసిన సినిమా అది. బొమ్మలన్నీ చేత్తో గీసినవే. విదేశీయుడు రామాయణం తీయడమేమిటని అప్పట్లో అభ్యంతరాలు కూడా వచ్చాయి. సినిమా పూర్తయిన 1992లోనే, డిసెంబరు 6న అయోధ్యలో బాబ్రీ మసీదును కూల్చారు. కథలో చోటు ఇదేనని చెప్పి మనుషులు ఏమేం చేయగలరో ఆ రోజు దేశమంతా చూసింది. సినిమా మాత్రం అప్పుడు ఎక్కువమందికి చేరలేదు. తర్వాత టీవీలో చిన్నపిల్లలు చూశారు. వాళ్ళలో మా అమ్మాయి ఒకతి.

హైదరాబాదులో దాని పక్కన కూర్చుని చూశాను. బొమ్మలు బాగున్నయ్. అబద్ధం ఎందుకు చెప్పాలి? ఆ ఆకులు, ఆ నీళ్ళు, ఆ ఏనుగులు చూస్తుంటే చెయ్యి తిరిగిన పనివాళ్ళు కనపడ్డారు. బంగారు లేడి వచ్చింది. నాకు మా అయ్య గొంతు వినపడింది. దానికి ఆ మాట చెప్పాను. సినిమా అయిందాకా ఏమీ అనలేదు. బయటికొచ్చినాక అంది: "నాన్నా, మనం పర్ణశాల పోదాం."

"నేను రాను. నీకు తెలుసు గదా."

"నేను దండం పెట్టడానికి పోవట్లే. లొకేషన్ చూడటానికి పోతున్న."

ముప్పయ్యేళ్ళు మోసిన ఒట్టుకు ఆ మాటతో సందు దొరికింది. వేసవి సెలవుల్లో పోయినం.

భద్రాచలం నుంచి పర్ణశాల సుమారు 35 కిలోమీటర్లు, దుమ్ముగూడెం మండలం. దారిలో ఎటపాక తగులుతుంది. జటాయువు రెక్కలు తెగి పడ్డ చోటు కాబట్టి జటాయుపాక, అదే ఎటపాక అయిందని చెప్తారు. ఇప్పుడది ఆంధ్ర. తెలంగాణ నుంచి బయలుదేరి, ఆంధ్రలోకి పోయి, మళ్ళీ తెలంగాణలోకి వచ్చి రాముడి గుడిసెను చూడాలి.

పర్ణశాలలో కథ అంతా బొమ్మలు కట్టి, రంగులు వేసి పెట్టారు. కుటీరం, సీత, సన్యాసి వేషంలో రావణుడు, పసుప్పచ్చ రంగు వేసిన లేడి. దగ్గర్లో వాగు. ఆ రాళ్ళ మీద చారలు సీతమ్మ నారచీరలు ఆరేసిన గుర్తులని చూపిస్తారు. గోదావరికి వరద వస్తే నారచీరల చోటు మునుగుతుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీళ్ళు 71 అడుగులు దాటాయి. ఏటేటా వరద పుణ్యభూమినీ ముంచుతుంది, మా గూడేలనూ ముంచుతుంది. వార్త మాత్రం ఒకదాని గురించే ఎక్కువ వస్తుంది.

మా అమ్మాయి ఫోన్లో సినిమా బొమ్మ తీసి, కుటీరం ఎదురుగా అటు జరిగి ఇటు జరిగి చూసింది. కలవలేదు. కలుస్తుందని ఎవరూ చెప్పలేదు కూడా. జపానువాళ్ళు దీన్ని చూసి గీశారనడానికి ఏమీ లేదు. కథలో చోటు ఇదేనని మనం అంటాం. కాదు, మా నాసిక్‌లోని పంచవటి అని మరాఠీవాళ్ళు అంటారు.

నేను ఆ లేడి ముందు నిలబడ్డాను. మా అయ్య చూసి ఉంటే మెడ దగ్గర వేలు పెట్టి చూసేవాడు. కోత ఎక్కడినుంచి మొదలుపెట్టాలో చెప్పేవాడు. రాముడున్నాడు, లక్ష్మణుడున్నాడు, రాక్షసుడున్నాడు, పక్షి ఉంది, మృగం ఉంది. పని చేసే మనిషి లేడు. అక్కడ బొమ్మకు చోటు లేక కాదు. చాలా చోటుంది.

బయట చెట్టు కింద ఒక కోయ అవ్వ తునికిపండ్లు అమ్ముతోంది. మా అమ్మాయి పండ్లు కొంటూ "అవ్వా, సీతమ్మ ఉన్నది ఇక్కడ్నేనా?" అని అడిగింది.

"అట్లంటరు బిడ్డా" అంది అవ్వ. "మా తాతలున్నది గూడ ఇక్కడ్నే."

భద్రాచలంలో రాముడి విగ్రహాలను మొదట చూసి తాటాకు పందిరి వేసింది పోకల దమ్మక్క అనే కోయ స్త్రీ అని ఆ గుడి కథే చెప్తుంది. తర్వాత గుడి కట్టించిన కంచర్ల గోపన్న రామదాసై కీర్తనల్లో, సినిమాల్లో నిలిచాడు. 2006లో వచ్చిన 'శ్రీరామదాసు'లో దమ్మక్క కూడా కనిపిస్తుంది. కానీ సినిమా ఆమెది కాదు. పందిరి వేసినోళ్ళు కథ మొదట్లో ఉంటారు. గుడి లేచినాక పక్కకు పోతారు. మా ఊళ్ళో నవమి పందిరి సంగతి కూడా అంతే కదా అనుకున్నాను.

ఆ వానాకాలంలో మా అమ్మాయికి పుణెలో ఉద్యోగం వచ్చింది. దసరా సెలవులకు నేను పోయాను. "రెండో పంచవటి కూడా చూద్దాం నాన్నా, లెక్క సరిపోతుంది" అంది. పుణె నుంచి బస్సులో నాసిక్.

నాసిక్ అనే పేరు శూర్పణఖ ముక్కు కోయడం వల్ల వచ్చిందని అక్కడ చెప్పుకుంటారు. నాసిక అంటే ముక్కు. అడవి ఆడదాని ముక్కు కోస్తే ఒక నగరానికి పేరయింది. పంచవటిలో అయిదు మర్రిచెట్లు, సీతాగుహ, రామకుండం చూశాం. రామకుండంలో ఉన్నది గోదావరే. పైన త్ర్యంబకం దగ్గర పుట్టి, ఇక్కడ ఇంత సన్నగా పారి, మా భద్రాచలం దాకా వచ్చేసరికి సముద్రమంత అవుతుంది. రెండు పంచవటులకూ ఒకటే నీళ్ళు.

అక్కడినుంచి కాలారామ్ గుడికి నడిచాం. నల్లరాతి రాముడు. నేను నాసిక్ వచ్చింది ఈ గుడి కోసం. అసలు చెప్పాలంటే గుడి దర్వాజా కోసం.

1930 మార్చి 2న అంబేడ్కర్ నాయకత్వంలో వేలాదిమంది అస్పృశ్యులు ఊరేగింపుగా ఈ గుడికి వచ్చారు. దర్వాజాలు మూసేశారు. మర్నాటి నుంచి సత్యాగ్రహం. మొదటి జట్టు 125 మంది మగవాళ్ళు, 25 మంది ఆడవాళ్ళు. నాలుగు దర్వాజాల ముందు కూర్చున్నారు. ఏప్రిల్‌లో నవమి రథం నాడు వీళ్ళను కూడా తాడు పట్టనిస్తామని ఒప్పుకుని, తీరా సమయానికి రథాన్ని లాక్కుపోయారు. రాళ్ళు పడ్డాయి. భావురావ్ గైక్వాడ్ లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి ఆ పోరాటాన్ని నిలబెట్టారు. 1934లో అంబేడ్కర్ గైక్వాడ్‌కు రాసిన ఉత్తరంలో తన ఉద్దేశం చెప్పాడు. అణగారినవాళ్ళు విగ్రహాల్ని పూజించాలని ఆ పోరాటం మొదలుపెట్టలేదు. వాళ్ళను కదిలించడానికి, తామెక్కడ ఉన్నారో వాళ్ళకు తెలియడానికి మొదలుపెట్టాడు. మరుసటేడు, 1935 అక్టోబరు 13న, ఇదే నాసిక్ జిల్లాలోని యేవలాలో హిందువుగా చావనని ప్రకటించాడు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ఆ మాట నిలబెట్టుకున్నాడు.

పుస్తకంలో ఎన్నోసార్లు చదివిన చోటు. ఎదురుగా చూస్తే ఒక రాతి ద్వారం, పూలు అమ్మేవాళ్ళు, చెప్పులు విప్పే చోటు. ఇప్పుడు తలుపు తెరిచే ఉంది. ఎవరూ ఆపడం లేదు.

"లోపలికి పోదామా?" అంది మా అమ్మాయి.

నాకు జవాబు రాలేదు. ఎనిమిదేళ్ళప్పటి కాలు ఒకటి ఇంకా ఆ మెట్టు మీదే ఉంది. అది నా మొహం చూసి ఇంకో మాట అంది. "బొమ్మలో మనిషి ఎట్లుంటే మనం అట్లుండాలె నాన్నా. రూల్ అదే. మనోళ్ళు లోపలికి పోలే. కూసున్నరు."

కూర్చున్నాం. ద్వారం పక్కన, నేల మీద, ఇద్దరం. పూలమ్మే ఆవిడ హిందీలో "లోపలికి వెళ్ళండి, ఇప్పుడు రద్దీ లేదు" అంది. "ఇక్కడే కూర్చుంటాం" అన్నాను. ఆమెకు వింతగా ఉంది. ఓ పావుగంట కూర్చుని ఉంటాం. ఆ 25 మంది ఆడవాళ్ళు ఎండలో ఏం మాట్లాడుకుని ఉంటారు, పసిపిల్లల్ని ఎవరి దగ్గర వదిలొచ్చి ఉంటారు అని మా అమ్మాయి అడిగింది. నాకు తెలియదన్నాను. పర్ణశాలలో కలవని బొమ్మ ఇక్కడ కలిసింది. లేచేటప్పుడు నా మోకాళ్ళు పట్టేశాయి, అది చెయ్యి అందించింది. లోపలికి పోలేదు. పోలేక కాదు.

తిరుగు బస్సులో అది జపాను సంగతే ఇంకోటి చెప్పింది. "నాన్నా, తాత అడిగిన మనిషి జపాన్ల కూడ ఉన్నడు."

జపానులో బురాకు అనే వాడలున్నాయి. పూర్వం గొడ్డును కోసేవాళ్ళు, తోలు పని చేసేవాళ్ళు అక్కడ ఉండేవాళ్ళు. బుద్ధుడి దేశమే, అయినా వాళ్ళను అంటరానివాళ్ళుగా చూశారు. 1871లో ప్రభుత్వం ఆ అంటరాని హోదాను ఉత్తర్వుతో రద్దు చేసింది. వివక్ష రద్దు కాలేదు. 1922లో వాళ్ళు సుయిహెయిషా అనే సంఘం పెట్టుకుని లేచారు. ఒసాకాలో నానివా అనే చోట బురాకు వాళ్ళు తరతరాలుగా 'తాయికో' డోళ్ళు తయారు చేశారు. గుళ్ళలో పండగలకు మోగేవి ఆ డోళ్ళు. తోలు వీళ్ళది, పండగ వాళ్ళది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ మా అయ్య మెడలో డప్పును తలుచుకున్నాను.

ఇంకో మాట చెప్పింది. ఆ మనుషులు చూడటానికి, మాటకు, భాషకు మిగతావాళ్ళలాగే ఉంటారు. వాళ్ళెవరో చెప్పేది వాళ్ళ చోటు. 1975లో ఒక సంగతి బయటపడింది. బురాకు వాడల పేర్లు, చిరునామాలు వరసగా అచ్చేసిన పుస్తకాలను చాటుగా కంపెనీలకు అమ్మారు. ఉద్యోగానికి వచ్చినవాడి ఊరు ఆ జాబితాలో ఉంటే ఉద్యోగం ఇవ్వకుండా ఉండటానికి.

"ఏ ఊరు? ఊళ్ళో ఏ బజారు?" అన్నాను నేను.

"అదే. కాకపోతే అచ్చేసి అమ్మిన్రు."

ఒక దేశంలోనే చోట్ల జాబితాలు రెండు. ఒకటి చూసుకుని పిల్లలు పుణ్యభూమికి పోతారు. ఇంకోటి చూసుకుని కంపెనీలు మనిషిని గేటు బయటే ఆపుతాయి. మన దగ్గర రెండో జాబితా అచ్చేయాల్సిన పని లేదు. అందరి నోళ్ళలోనే ఉంది.

మొన్న సంక్రాంతికి అది ఇంటికొచ్చింది. పొద్దున్నే "తాత లంద చూపియ్యి" అంది. లంద ఇప్పుడు లేదు. మోటలు పోయి కరెంటు మోటార్లు వచ్చినయ్. ప్లాస్టిక్ చెప్పులు వచ్చినయ్. మా అయ్య ఆరె, రంపె అటక మీద తుప్పు పట్టినయ్. లంద గుంతలు పూడిపోయి సర్కారుతుమ్మ మొలిచింది. తోలు గీకిన బండ మాత్రం ఉంది. ఒక వైపు అరిగి, నున్నగా, కొంచెం పల్లంగా. దాని మీద ఎన్ని తరాల చేతులు ఆడాయో చెప్పలేను. నాసిక్‌లో చూసిన ఏ రాయీ ఇంత నున్నగా లేదు.

అది ఫోను తీసింది. ఒక పక్క పెట్టి పోల్చుకోడానికి బొమ్మ లేదు. మా అయ్య ఫొటో ఒక్కటే ఉంది మా ఇంట్లో, రేషన్ కార్డుది. లందను గీసినవాడు లేడు, సినిమా తీసినవాడు లేడు.

"తాత ఎట్ల కూసునేటోడు?" అని అడిగింది.

కుడికాలు మడిచి, ఎడమకాలు చాపి, బండను మోకాలికి ఆనించుకుని కూర్చున్నాను. చేతులు ఎక్కడ పెట్టాలో నాకు గుర్తు లేదనుకున్నాను. చేతులకే గుర్తుంది. అది ఫొటో తీసింది. తర్వాత తను కూడా కూర్చుంది. నేను తీశాను.

ఆ ఫొటోలను నలుగురికీ కనపడేట్టు పెడతానంది. పర్ణశాల, కాలారామ్, మా లంద, మూడూ వరసగా. కింద ఊరి పేరు, గూడెం పేరు రాస్తానంది. నేను వద్దన్నాను. పుణెలో దాని ఆఫీసులో ఇంకా ఎవరికీ తెలియదు. ఇంటిపేరు అక్కడివాళ్ళకు అర్థం కాదు. ఊరు, బజారు అడిగే తెలుగువాడు ఇంకా తగల్లేదు. తెలిస్తే ఏమవుతుందో నేను చూసినవాణ్ణి. చెప్పు దెబ్బ ఇప్పుడు కొట్టరు. పలకరింపు తగ్గుతుంది. టిఫిన్ డబ్బా పక్కకు జరుగుతుంది. అద్దె గది ఉన్నట్టుండి ఖాళీ చేయమంటారు.

"ఎన్నేండ్లు వాగు దాటకుండ ఉండమంటవ్ నాన్నా?" అని అడిగింది.

ముప్పయ్యేళ్ళు మీటింగుల్లో నేను మాట్లాడిన మాటలన్నీ ఆ ఒక్క ప్రశ్న ముందు నిలబడలేదు. కూతురి దగ్గరికి వచ్చేసరికి మా అయ్య భయమే నాలోంచి మాట్లాడింది. మళ్ళీ డప్పు కొట్టమంటే కొట్టిన మనిషి, కొడుకు వెనక నిలబడి ఉన్నాడని కొట్టాడు. అది నాకు ఇప్పుడు తెలిసింది.

అందుకే ఇక్కడ ఊరి పేరు రాయలేదు. నా ఒక్కడి సంగతయితే రాసేవాణ్ణి. ఆ పేరు ఎప్పుడు రాయాలో, ఎక్కడ రాయాలో తేల్చుకోవలసింది అది. సెలవులయిపోయి పుణె బస్సెక్కేటప్పుడు అటక మీది రంపె అడిగి తీసుకుపోయింది. తుప్పు గీకించి ఇచ్చాను. ఫొటోలు దాని ఫోన్లోనే ఉన్నాయి. పెడితే చెప్తానంది. ఫోను మోగినప్పుడల్లా అదేనేమోనని చూస్తున్నాను.